కేరాఫ్ మామయ్య

ఆ ఏడాది తొలివాన పడిన రోజునే నా మాట మధ్యలో తెగిపోయింది. నా మాటంటే నోటితో అనేది కాదు. ఎక్కడో మీటింగులో ఎవరో మాట్లాడుతుంటే, చెవులు వినబడనివాళ్లు చదువుకునేందుకు ఆ మాటల్ని అప్పటికప్పుడు తెర మీద అక్షరాలుగా కొట్టడం నా ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేస్తాను. ఆ రోజు ఒక పెద్ద డాక్టరు మాట్లాడుతున్నాడు. "ఈ మాత్ర వేసుకున్నవాళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్నాడు. నేనూ అక్కడిదాకా కొట్టాను. అంతే, మా ఇంట్లో నెట్ పోయింది. ఎట్టి పరిస్థితుల్లోనూ ఏం చేయకూడదో ఇప్పటికీ నాకు తెలియదు.

మా పై అధికారిణి నన్ను తిట్టలేదు. ఇంట్లో కనెక్షన్ సంగతి ఒకసారి చూసుకోమని మెత్తగా చెప్పింది. ఆవిడ మెత్తగా చెప్పిందంటే రెండోసారి చెప్పదని అర్థం.

మా ఇంటికి వచ్చేది రాగి తీగ. వీధి మలుపులో స్తంభం దగ్గర బయలుదేరి, ఎదురింటి పిట్టగోడ మీద సేదతీరి, మా వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తుంది. దారిలో ఎక్కడో ఒక అతుకు ఉంది. అది తడిస్తే నెట్ పోతుంది, ఆరితే వస్తుంది. బాగుచేసే మనిషి ఎప్పుడూ వాన వెలిశాకే వచ్చేవాడు. అప్పటికి అతుకు ఆరిపోయి నెట్ బ్రహ్మాండంగా పనిచేస్తూ ఉండేది. అతను నా వంక జాలిగా చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. మళ్లీ మబ్బు పట్టగానే నేను ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరిగేదాన్ని. తిరిగితే నెట్ రాదని నాకూ తెలుసు. ఒక చోట కూర్చోలేక తిరిగేదాన్ని.

కంపెనీ మార్చేద్దామని మావారితో అన్నాను. ఆయన బస్సుల డిపోలో ఏ బండి ఎప్పుడు బయలుదేరాలో నిర్ణయించే ఉద్యోగి. ఇంట్లో మాత్రం ఏ పనీ వేళకి బయలుదేరనివ్వరు. అలాంటి మనిషి కూడా నా మొహం చూసి వెంటనే సరేనన్నారు.

వెనక గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. అత్తయ్య మెడలో టేపుతో గుమ్మంలోకి వచ్చి, "మారిస్తే నా మెయిలు ఏమవుతుంది?" అంది.

"మెయిలుకీ తీగకీ సంబంధం లేదత్తయ్యా" అన్నాను. ఉద్యోగం ఊడేలా ఉన్న మనిషికి ఎంత ఓపిక ఉంటుందో అంత ఓపికతోనే అన్నాను.

అత్తయ్య గుమ్మంలోంచి కదల్లేదు.

అత్తయ్య చేసే పని గురించి ఇక్కడ చెప్పాలి. ఆవిడ అందరిలా జాకెట్లూ గౌన్లూ కుట్టదు. దుకాణంలో దొరికే బట్ట ఎవరి ఒంటికి పట్టదో వాళ్లకోసం కాగితం మీద కత్తిరిస్తుంది. ఒక భుజం ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉన్నవాళ్లు, వీపు వంగినవాళ్లు, ఒక చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్లు, చక్రాల కుర్చీలోనే రోజంతా గడిపేవాళ్లు. కూర్చునే మనిషికి చొక్కా వెనక పొడుగు ఎక్కువ కావాలట, ముందు తక్కువ కావాలట. దుకాణంలో చొక్కాలన్నీ నిలబడ్డవాళ్ల కోసమే కుట్టి ఉంటాయట. వాళ్లు మెయిల్లో కొలతలు పంపితే, అత్తయ్య ఖాకీ కాగితం మీద గీసి, కత్తిరించి, మడతపెట్టి పోస్టులో పంపేది. వాళ్ల దగ్గరి దర్జీ ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరించుకునేవాడు. ఈ సంగతి ఒకరి నోట ఒకరు విని, ఎక్కడెక్కడి వాళ్లో రాసేవారు. ఫలానా చిరునామాకి కొలతలు పంపు, నీ ఒంటికి సరిపోయేది వస్తుంది అని చెప్పుకునేవారట.

ఆ చిరునామా మామయ్య పేరు మీద ఉంది. ఆయన బతికున్న రోజుల్లో ఈ కనెక్షన్ పెట్టించినప్పుడు కంపెనీవాళ్లు తీగతో పాటు మెయిలు పెట్టెలు ఊరికే ఇచ్చారు. మొదటిది మామయ్య పేరుతో. రెండోది అదే పేరు పక్కన రెండు అంకె వేసి. మొదటిది మామయ్య ఒక్కసారి కూడా తెరవలేదు. రెండోది అత్తయ్య తీసుకుంది. అందుకని రాసేవాళ్లందరూ "మాస్టారు గారికి నమస్కారం" అని మొదలుపెట్టేవారు. టైలరు మాస్టారన్నమాట. మామయ్య లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేసి పోయిన మనిషి. చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని తిరిగేవారు. ఆయనకి ఆ ఉత్తరాలు చూపించి నేనూ మావారూ కడుపుబ్బ నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవారు. అత్తయ్య మాత్రం, కత్తెర ఎవరు పట్టుకుంటే ఏం, గుడ్డ తెగితే చాలు అని ఊరుకునేది.

ఇంతకీ మెయిలుకీ తీగకీ సంబంధం లేదని గట్టిగా చెప్పాను కదా. పాత కంపెనీకి ఫోన్ చేసి కనెక్షన్ ఎలా మూయాలో అడిగినప్పుడు అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా, కనెక్షన్‌తో పాటు మెయిలు పెట్టెలు కూడా పోతాయండి, అవి మా కంపెనీవి కదండీ అంది. నేను ఫోన్ పెట్టేశాను. నా మెయిలు నేను చదువుకునే రోజుల్లో వేరేచోట తెరిచినది, ఎన్ని ఇళ్లు మారినా నాతోనే వచ్చింది. అందరిదీ అంతేననుకున్నాను.

వెళ్లి అత్తయ్యతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చేతిలో సుద్దముక్క పక్కన పెట్టి మంచం మీద కూర్చుంది. దెప్పుతుందేమోనని చూశాను. దెప్పలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఇంతవరకూ రాసినవాళ్లందరికీ కొత్త చిరునామా తెలియజేద్దామన్నాను. ఒక్క పూట పని, నేనే కొట్టి పెడతానన్నాను.

"రాసినవాళ్లకి చెప్తావమ్మాయ్, బాగానే ఉంది. ఇంకా రాయనివాళ్లకి ఎలా చెప్తావు?"

రాయనివాళ్లు ఎవరని అడిగాను.

"ఒక్కొక్కళ్లకి నాకు రాయడానికి ఏళ్లు పడుతుంది" అంది అత్తయ్య. "చిరునామా దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. తన ఒంటి కొలతలు ముక్కూమొహం తెలియని మనిషికి పంపడమంటే తేలికనుకున్నావా? ధైర్యం చేసి పంపిన రోజున ఆ ఉత్తరం తిరిగొస్తే మళ్లీ పంపరు."

బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి. నా గదిలోంచి ల్యాప్‌టాప్ టింగుమంది, నెట్ పోయిందని. ఇద్దరం ఒకేసారి అటు చూశాం.

ఆ వారమంతా మా ఇల్లు ఒకచోట నిలవలేదు. నాకు కొత్త తీగ కావాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు. అత్తయ్యకి పాత పెట్టె కావాలి, లేకపోతే ఆవిడ మనుషులు దారి తప్పిపోతారు. మావారు మా ఇద్దరి మధ్యా నీళ్లు నములుతూ తిరిగారు. మేమిద్దరం ఒకరినొకరు ఒక్క మాట అనుకోలేదు గానీ వంటింట్లో గిన్నెలు మాత్రం గట్టిగానే మాట్లాడుకున్నాయి.

కంపెనీలవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. ఒకతను తడిసిన గొడుగు గుమ్మంలో ఆనించి, తమ నెట్‌లో సినిమా రెప్పపాటులో దిగుతుందన్నాడు. వాన పడితే దిగుతుందా అని అడిగాను. వానేమిటి, ఏ కాలంలోనైనా అని మొదలుపెట్టి, మా కిటికీలోంచి లోపలికొచ్చే రాగి తీగని చూశాక గొంతు తగ్గించాడు. వీళ్లదీ ఆ తీగ మీదే వస్తుందట. బిల్లు మీద పేరు మాత్రం మారుతుందట. ఇంకొకతను తీగే అక్కర్లేదు, గాలిలోంచి వస్తుందని మేడ మీదికి తీసుకెళ్లాడు. మేడ మీద నిలబడి ఎదురింటివాళ్లు కొత్తగా లేపిన అంతస్తుని చూసి, ఇది ఎప్పుడు కట్టారండీ అని దిగులుగా అడిగాడు.

చివరికి వచ్చినామె గాజు తీగ కంపెనీ మనిషి. లోపల వెలుతురు పారుతుంది, నీళ్లు తగిలినా ఏమీ కాదంది. వీధిలో ఇప్పటికే ఎవరెవరికి ఇచ్చారో చెప్పింది. నేను వెళ్లి వాళ్లని అడిగాను. వానలో కూడా వస్తోందన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. సంతకం పెట్టబోతుంటే ఆమె సంతోషంగా, మా కనెక్షన్‌తో ఐదు మెయిలు పెట్టెలు ఉచితమండీ, ఇంటిల్లిపాదికీ సరిపోతాయి అంది.

అత్తయ్య టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంటూ వచ్చింది. "ఆ పెట్టెలు మీవా, మావా?"

"మీవేనమ్మా. మా దగ్గర ఉన్నంతకాలం మీవే."

"మీ దగ్గర లేకపోతే?"

ఆమె నవ్వి, ఎందుకు లేకపోతారమ్మా అంది.

"తీగ ఇచ్చి వెళ్లమ్మా. పెట్టెలు వద్దు" అంది అత్తయ్య.

ఆమె వెళ్లాక అత్తయ్య నా గదిలోకి వచ్చి నిలబడింది. అరుదుగా వస్తుంది ఆ గదిలోకి. నేను పనిలో ఉన్నానేమోనని గడప దాటదు.

"నా పెళ్లికాక ముందు ఎవరైనా ఉత్తరం రాస్తే కేరాఫ్ మా నాన్న. పెళ్లయ్యాక కేరాఫ్ మీ మామయ్య. ఆయన పోయాక ఏ కాగితం వచ్చినా కేరాఫ్ మీ ఆయన. మెయిలు చూస్తే మీ మామయ్య పేరు పక్కన రెండు. ఇప్పుడు ఈ గాజు తీగవాళ్ల కేరాఫ్ కూడా అవ్వాలా నేను? ఎవరి కేరాఫూ లేని చిరునామా ఉండదా అమ్మాయ్?"

ఆవిడ కోపంగా అనలేదు. గుడ్డ చాలుతుందా అని అడిగినట్టుగానే అడిగింది. అప్పటిదాకా నేను ఆవిడని నా ఉద్యోగానికి అడ్డం పడుతున్న మనిషిగానే చూస్తున్నాను.

ఉంటుందని చెప్పాను. తీగలు అమ్మని, కేవలం మెయిలు మాత్రమే చూసే కంపెనీలు ఉంటాయి. మన పేరు మనం కొనుక్కుని వాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. రేపు వాళ్లు నచ్చకపోతే ఆ పేరు తీసుకుని ఇంకోచోటికి వెళ్లిపోవచ్చు. రాసేవాళ్లకి మనం మారినట్టే తెలియదు. ఇంటికి ఏ తీగ వచ్చినా, అసలు తీగే లేకపోయినా, ఆ చిరునామా చెక్కుచెదరదు.

అత్తయ్య ఆలోచించింది. "మిషను నాది. గది అద్దెది. గది మారితే మిషను నాతో వస్తుంది. అంతేనా?"

అంతేనన్నాను.

ఏ పేరు పెట్టమంటారని అడిగితే మాత్రం ఇబ్బందిగా కదిలింది. మీ పేరే పెడదామన్నాను. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు. మావారికి అమ్మ, నాకు అత్తయ్య, మామయ్యకి ఇదిగో. ఆవిడ తల అడ్డంగా ఊపి, 'కత్తెర' అని పెట్టమంది. సరేనని కత్తెర పెట్టాను.

రాసినవాళ్లందరికీ పంపాల్సిన నాలుగు ముక్కలు తనే చెప్పింది. ఇకమీదట కొలతలు ఈ కొత్త చిరునామాకి పంపండి, ఇట్లు, కత్తెర. కింద మీ పేరు కూడా వేద్దామత్తయ్యా అన్నాను. ఇన్నేళ్లూ మాస్టారు అంటుంటే ఊరుకుని, ఇప్పుడు కాదు నేను ఆడమనిషినంటే ఏదో దాచిపెట్టినట్టు ఉంటుందంది. పైగా ఇప్పటిదాకా నమ్మినవాళ్లు ఇక నమ్మకపోతే? నేను ఒంటికాలి మీద లేచాను. ఇంత పనిచేసి పేరు చెప్పుకోవడానికి భయమేమిటన్నాను. ఆవిడ నా వంక చూసి, నీకు అలవాటు లేదులే అంది. ఇంకొకరి పేరు చాటున బతకడం గురించి అంటోందని నాకు చాలాసేపటికి గానీ అర్థం కాలేదు. ఆ ముక్కలు పేరు లేకుండానే అందరికీ పంపాను.

గాజు తీగ వచ్చింది. వాన దంచి కొడుతుంటే నేను కూర్చున్నచోటి నుంచి లేవకుండా ఒక పూటంతా మాటలు కొట్టాను. ఒక్క అక్షరం తెగలేదు. పై అధికారిణి పొగడలేదు, తిట్టలేదు. నాకు అదే చాలనిపించింది.

పాత కనెక్షన్ మూయొద్దంది అత్తయ్య. బట్ట సరిచేసేటప్పుడు ఆవిడ పద్ధతి ఒకటుంది. కొత్త కుట్టు పడి, మనిషి వేసుకుని చూసి, చెయ్యి ఎత్తి దించాకే పాత కుట్టు విప్పుతుంది. అప్పటిదాకా రెండూ ఉంటాయి. మెయిలుకీ అంతే అంది. పాత పెట్టెకి ఇంకా ఎవరైనా కొత్తవాళ్లు రాస్తే, వాళ్లకి కొత్త చిరునామా చెప్తూ ఉండాలి. అలా ఏడాదో రెండేళ్లో చేస్తే, పాత చిరునామా చేతుల్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామంది ఇవతలికి వచ్చేస్తారు. పాత కంపెనీలో అన్నిటికన్నా చిన్న ప్లానుకి మారి, ఆ పెట్టె ఒక్కటీ బతికించుకుంటే చాలు. నాకూ సబబుగానే తోచింది.

ప్లాను మార్చమని అడగడానికి మావారు ఫోన్ చేశారు. సెలవు రోజు. అత్తయ్య వెనక గదిలో మిషను తొక్కుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయన గోళ్లు తీసుకుంటున్నారు.

అవతలి అమ్మాయి అన్నీ విని, ప్లాను మార్చాలంటే ఖాతాదారుడితో మాట్లాడాలండీ అంది.

ఈ మాట కొత్తది కాదు. మామయ్య పోయి ఐదేళ్లు. ఈ ఐదేళ్లలో కంపెనీ ఎప్పుడు ఖాతాదారుణ్ని అడిగినా అత్తయ్యే ఫోన్ తీసుకుని, ఆయన స్నానం చేస్తున్నారనో, కునుకు తీస్తున్నారనో, ఇప్పుడే బజారుకి వెళ్లారనో చెప్పేది. నాకు చెప్పండి, ఆయనకి చెప్తాను అనేది. వాళ్లూ సరేననేవారు. ఈ అమ్మాయి మాత్రం సరే అనలేదు. ఖాతాదారుడు ఎప్పుడు అందుబాటులో ఉంటారండీ అని అడిగింది.

మావారు గోళ్లు తీయడం ఆపారు. "మా నాన్నగారు పోయారండీ" అన్నారు.

మిషను ఆగింది.

అవతలి అమ్మాయి చాలా బాధగా ఉందండీ అంది. నిజంగా బాధపడ్డట్టే అంది. వెంటనే ఖాతాలో ఆ విషయం నమోదు చేశానండీ, ఇక మీరు ఏమీ శ్రమపడక్కర్లేదు, ఖాతా మేమే మూసేస్తాం అంది. మావారు గాభరాపడి, అయ్యో మూయొద్దండీ, నా పేరుకి మార్చండి అన్నారు. కనెక్షన్ అయితే మీ పేరు మీద కొత్తది ఇస్తామండీ, పాత ఖాతాతో వచ్చిన పెట్టెలు మాత్రం ఖాతాతోనే పోతాయండీ, నమోదు అయ్యాక వెనక్కి తీయడం కుదరదండీ అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమె పద్ధతిగానే మాట్లాడింది.

నేను గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చాను. ఇన్నాళ్లు నెట్టుకొచ్చినది ఇంకో ఏడాది నెట్టలేకపోయారా, బజారుకి వెళ్లారని ఒక్క మాట అంటే నోరు అరిగిపోతుందా అని ఎడాపెడా అన్నాను. ఆయన చేతిలో ఫోన్ వంక చూస్తూ, "నోరు తెరిస్తే అదే వచ్చేసింది" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మామయ్య పోయినప్పుడు కబురు అందరికీ నేనే చెప్పాను. ఆయన ఆ మాట ఎవరితోనూ తన నోటితో అని ఉండరు. నా కోపం అక్కడే చల్లారిపోయింది.

అత్తయ్య వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. "ఎప్పటికైనా చెప్పాల్సిందేగా నాన్నా" అంది. "బిల్లు నెలనెలా ఆయన పేరుతో వచ్చేది. తీసి చూసినప్పుడల్లా ఇంకా ఇంట్లోనే ఉన్నట్టుండేది. ఇక రాదు కాబోలు" అంది.

పొయ్యి మీద ఏదో మాడిన వాసన వచ్చేదాకా ముగ్గురం అక్కడి నుంచి కదల్లేదు.

తరువాతి వారం పాత పెట్టె మూతపడింది. తెరవబోతే తెరుచుకోలేదు.

అక్కడి నుంచి అసలు కష్టం మొదలైంది. కత్తెర చిరునామాకి ఒక్క ఉత్తరం రాలేదు. మొదట్లో వానల వల్ల అనుకున్నాం. తరువాత సెలవుల వల్ల అనుకున్నాం. పాతవాళ్లు కూడా రాయలేదు. అత్తయ్య రోజూ నాతో పాటు లేచి, నేను పని మొదలుపెట్టకముందే, "ఏమైనా వచ్చిందా?" అనేది. చూసి, లేదనేదాన్ని. చిరునామా సరిగ్గా పనిచేస్తోందా అని నా మెయిలు నుంచి ఒకటి పంపి చూశాను. వచ్చింది. దానికి ఆవిడ ఒంటి వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ "అందింది" అని జవాబు రాసింది. ఆ వారంలో కత్తెర చేసిన వ్యాపారం అదొక్కటే.

పని లేక అత్తయ్య చేతులు ఊరుకోలేదు. కిటికీ తెరలు విప్పి మళ్లీ కుట్టింది. బాగానే ఉన్న దిండు గలీబుల కుట్లు విప్పింది. మావారి ప్యాంట్లన్నీ నడుము దగ్గర ఒదులు చేసింది. ఆయన ఈ మధ్య చిక్కారు కాబట్టి అవన్నీ జారిపోయాయి. మళ్లీ బిగించింది. చుట్టి పెట్టిన ఖాకీ కాగితాలు ఎండలో పెట్టి, మబ్బేస్తే లోపల పెట్టి, మళ్లీ బయట పెట్టేది. నా నెట్ మాత్రం వానకీ గాలికీ చలించకుండా పరుగులు తీస్తోంది. దాన్ని చూస్తే నాకు సిగ్గేసేది. నా మాటలు తెగకుండా ఉండడానికి ఆవిడకి రావలసిన మాటలు తెగిపోయాయనిపించేది. ఇది ఆవిడతో అన్నాను కూడా. పిచ్చిమాటలు మాట్లాడకంది. కానీ నా మొహం చూడకుండా అంది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక ఉదయం నేను ఇంకా పళ్లు తోముకుంటుండగా అత్తయ్య గావుకేక పెట్టింది. ఆవిడ కేకలు వేసే మనిషి కాదు. నురగ నోటితోనే పరుగెత్తాను.

తనే నా ల్యాప్‌టాప్ తెరుచుకుని చూసిందట. కత్తెరకి ఉత్తరం వచ్చింది. అంతకుముందు ఎన్నడూ రాయని ఒకావిడ దగ్గర్నుంచి.

నన్ను చదవమంది. పైకి చదివాను. ఆవిడ ఇలా రాసింది. మీ మెయిలు చిరునామా నాకు తెలిసినవారొకరు రెండేళ్ల కిందట ఇచ్చారు. కొలతలు పంపడానికి ఇన్నాళ్లూ మనసొప్పలేదు. మొన్న ధైర్యం చేసి పంపితే, ఖాతాదారుని మరణం వల్ల ఈ పెట్టె మూసివేయబడింది అని తిరిగొచ్చింది. నాకు ఇచ్చినవారిని అడిగితే, అవును, మాస్టారు పోయారట, అలవాటుగా పాత చిరునామాకే రాసిన మాకందరికీ అలాగే తిరిగొచ్చింది, ఇంట్లోవాళ్లని ఈ దుఃఖంలో ఇబ్బంది పెట్టడమెందుకని మేమెవరం రాయడం లేదు అన్నారు. ఈ కొత్త చిరునామా వారే ఇచ్చారు. మాస్టారి పుణ్యాన తాను మొదటిసారి పెళ్లికి కోటు వేసుకుని వెళ్లానని వారు చెప్పి ఏడ్చారు. ఆయన చెయ్యి అంత గొప్పదని అందరూ అంటున్నారు. నాది ఆలస్యం చేసుకున్న దురదృష్టం. మీ ఇంట్లో మాస్టారి పని కొంచెమైనా తెలిసినవారు ఎవరైనా ఉంటే, నాకు వీపు వంపు ఉంది, ఒక్క చొక్కా చాలు. లేకపోతే క్షమించండి.

చదివాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్ని వారాలూ అంతమంది మౌనంగా కూర్చుని మామయ్య చేతి చలవని తలుచుకుంటూ ఏడుస్తున్నారన్నమాట. పిన్నీసులు పెట్టుకుని తిరిగిన మామయ్యని.

"ఆ కోటు మనిషికి ఎడమ భుజం పల్లం" అంది అత్తయ్య. "లోపల దూది పెట్టించాను. ఏడ్చాడా?"

"ఏడ్చాడట."

అత్తయ్య కళ్లు తుడుచుకుంది. తరువాత ముక్కు ఎగబీల్చి, కళ్లజోడు సరిచేసుకుంది. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. కోపమో ఏమో, బుగ్గలు ఎర్రబడ్డాయి. "నన్ను చంపేశారే వీళ్లంతా కలిసి" అంది.

జవాబు కొడతానని కుర్చీ లాక్కున్నాను. ఎవరి మాటైనా వాళ్లు అనేలోపే కొట్టగలను, అది నా వృత్తి. అత్తయ్య నా చెయ్యి పక్కకి జరిపింది.

"నువ్వు లే. నేను కొడతాను."

లేచాను. ఆవిడ కూర్చుని, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టింది. నా పని మొదలయ్యే వేళ దాటిపోతోంది. పక్కగదిలోంచి మావారు ఏమైందని అడుగుతున్నారు. నేను చేతులు కట్టుకుని వెనక నిలబడి, తెర మీద ఒక్కో అక్షరం పడడం చూస్తున్నాను.

"అమ్మా, మాస్టారు పోలేదు. పోయింది మా ఆయన. ఆయన మంచివాడు, గుండీ కుట్టుకోవడం కూడా రాదు. మాస్టారిని నేనే. అందరికీ చెప్పండి. వీపు కొలత మెడ ఎముక దగ్గర్నుంచి కిందికి తీసుకోవాలి, టేపు బిగించి లాగొద్దు. పంపండి."

అక్కడ ఆగింది. తరువాత తెర మీద మినుకుమనే గీతని కింది వరసకి జరిపి, తన పేరు కొట్టింది. అంతా, పూర్తిగా, ముందూ వెనకా ఏమీ లేకుండా. కొట్టి వెనక్కి వాలి చూసుకుంది. ఒక అక్షరం తప్పు పడింది. నేను వేలు పెట్టి చూపించబోయాను.

"కనబడిందిలే. నా పేరు నాకు తెలియదా?" అని తనే దిద్దుకుంది.